స్విట్జర్లాండ్ చుక్క

మొదటి ప్రపంచ యుద్ధంలోకి స్విట్జర్లాండ్‌ను లాగింది నేనే. ఆ దేశం మీద నాకు పగ ఏమీ లేదు. అదెక్కడుందో తెలిసే అప్పటికి నిండా ఏడాది కాలేదు. నడిమి చుక్క ఖాళీగా కనిపిస్తే నా చెయ్యి ఊరుకోలేదు, అంతే.

మాది పలాస దగ్గర చిన్న ఊరు. మా హైస్కూల్లో సాంఘిక శాస్త్రం డ్రిల్లు మాస్టారే చెప్పేవారు. వాన పడితే పాఠం, ఎండ కాస్తే కబడ్డీ. నేను పదో తరగతి చదివిన ఏడు వానలు సరిగా లేవు. అందువల్ల నెపోలియన్ గురించి నాకు తెలిసిందల్లా ఆయన గుర్రమెక్కేవాడని. కబడ్డీ మాత్రం ఇప్పటికీ బాగానే ఆడతాను.

అలాంటి నేను పెద్ద ఉద్యోగానికి కమిషన్ పెట్టే పరీక్ష రాయడానికి విశాఖపట్నం వచ్చాను. మొదటిసారి అన్ని పేపర్లూ గట్టెక్కి ప్రపంచ చరిత్ర దగ్గర బోర్లా పడ్డాను. రెండోసారి కూడా రాకపోతే ఊరొచ్చేసి మా చిన్నాన్న జీడిపప్పు షెడ్డులో కూర్చుంటానని అమ్మకు మాటిచ్చాను. షెడ్డులో పని తప్పని కాదు. జీడిపిక్కల రసం చేతులకు అంటితే తోలు ఊడి వస్తుంది. మా అమ్మ చేతులు చూసినవాళ్ళెవరైనా బిస్మార్క్‌ను బట్టీ పట్టడమే నయమనుకుంటారు.

సరిగ్గా నేను రెండోసారి రాసే ఏడే కమిషన్ కొత్త నియమం తెచ్చింది. వ్యాసాలు చదవడం వల్ల మూల్యాంకనంలో తీవ్రమైన జాప్యం జరుగుతున్నదని ఒక ఉపసంఘం కనిపెట్టింది. కాబట్టి ఇకమీదట ప్రతి వ్యాసానికీ ఒక 'దృశ్యం' ఉండాలి. బొమ్మో, పటమో, బాణాల గీతలో ఏదో ఒకటి. సగం మార్కులు దానికే. దృశ్యం లేని జవాబు జవాబే కాదు.

మా స్టడీ సర్కిల్ నడిపే త్రినాథరావు సార్ ఈ నియమాన్ని మాకు విప్పి చెప్పారు.

"ఇకనుంచి మీ పేపరు దిద్దేవారు చదువరులు కారమ్మా, చూపరులు. బస్సులోంచి సినిమా పోస్టరు చూస్తామా లేదా? అలా చూస్తారు. ఆ ఒక్క చూపులో వియన్నా కాంగ్రెస్ కనపడిపోవాలి."

నా పక్కన కూర్చునే కరుణ చెయ్యెత్తింది. "సార్, కనపడింది తప్పైతే?"

"తప్పో ఒప్పో తేలాలంటే చదవాలి కదమ్మా," అన్నారు సార్ ఓపికగా.

కరుణ నా గదిలోనే ఉండేది. వాళ్ళ నాన్న రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. క్వార్టర్స్‌లో వాకిలి లేని మూడో అంతస్తులో పుట్టి పెరిగింది. ఐరోపా చరిత్ర అంటే ఆ పిల్లకు పక్కింటి గొడవంత సుళువు. ఏ రాణి ఏ రాజుకు మేనకోడలో, ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారో, అన్నం తింటూ చెప్పేది. నేను విని నోట్సు రాసుకునేదాన్ని. బొమ్మ గియ్యమంటే మాత్రం కరుణ గీసిన ఇంగ్లండూ పనసకాయా ఒకలాగే ఉండేవి.

నాకూ పటాలు రావు. వచ్చేవి ముగ్గులు. ఊహ తెలిసినప్పటి నుంచి అమ్మ లేపగా లేపగా లేచి కళ్ళాపి జల్లి ముగ్గు వేసినదాన్ని. ఒక వారం పరీక్షలో సార్ ప్రశ్న ఇచ్చారు: 1914 నాటి కూటముల వ్యవస్థ యుద్ధాన్ని అనివార్యం చేసిందా? చర్చించండి. అందరూ వృత్తాలు గీసి బాణాలు పెడుతున్నారు. నాకు ఏం చెయ్యాలో తోచక చుక్కలు పెట్టాను. పైన రెండు, మధ్యలో మూడు, కింద రెండు. చిన్నపిల్లలు నేర్చుకునే మెలికల ముగ్గు అది. చుట్టూ ఆరు చుక్కలకు ఆరు పెద్ద దేశాలు సరిపోయాయి. అటు మూడు, ఇటు మూడు. నడిమి చుక్క మిగిలింది. నడిమి చుక్క లేకపోతే మెలిక తిరగదు. ఐరోపా నడుమ ఏముందా అని గోడ మీది పటం చూస్తే స్విట్జర్లాండ్ కనపడింది. దాని పేరు రాసి, గీతను ఏడు చుక్కల చుట్టూ తిప్పి, మొదలుపెట్టిన చోటే తెచ్చి కలిపేశాను.

సార్ ఆ కాగితం పట్టుకుని నిలబడిపోయారు. అలా నిలబడిపోవడం అంతకుముందు ఒక్కసారే చూశాం, కరెంటు బిల్లు వచ్చిన రోజున.

"చూడండర్రా! ఒక్కటే గీత. మొదలు లేదు, చివర లేదు. యుద్ధం ఎవరివల్ల మొదలైందో చెప్పగలరా? లేరు! వందేళ్ళుగా చరిత్రకారులు కొట్టుకు ఛస్తున్న విషయాన్ని ఈ పలాస పిల్ల ఒక్క మెలికలో తేల్చేసింది."

నేను లేచాను. క్లాసులో మాట్లాడటం నాకు అలవాటు లేదు. "సార్, స్విట్జర్లాండ్ యుద్ధంలో లేదండి. తటస్థ దేశం."

"ఆ చుక్క తీసేస్తే?"

"ముగ్గు చెడిపోతుందండి."

"మరి?" అన్నారు సార్.

ఆ వారం ఫస్టు మార్కు నాది. ఫస్టు మార్కు వచ్చినప్పుడు స్విట్జర్లాండ్ చాలా దూరంగా, చాలా చిన్నదిగా కనిపిస్తుంది. కూర్చున్నాను.

నెల తిరక్కుండా మా స్టడీ సర్కిల్ బయట బ్యానరు లేచింది: 'మెలిక పద్ధతిలో ప్రపంచ చరిత్ర'. ఎదురు వీధి సెంటరు వాళ్ళు 'పద్మం పద్ధతి' పెట్టారు. మొగపిల్లల హాస్టళ్ళలో ముగ్గు అభ్యాసం మొదలైంది. మీసాలున్న కుర్రాళ్ళు పొద్దున్నే లుంగీలు ఎగ్గట్టి, బియ్యప్పిండి పుచ్చుకుని రోడ్డు మీద వంగునేవారు. టీ కొట్టు ముందు వెర్సెయిల్స్ సంధి, ఇస్త్రీ బండి ముందు ఇటలీ ఏకీకరణ. సాయంత్రానికి చీమలు బారులు తీరి ఒట్టోమన్ సామ్రాజ్యాన్ని అంచుల నుంచి తినుకుంటూ వచ్చేవి. మా వీధిలో చరిత్ర ప్రకారం జరిగింది అదొక్కటే.

టీ కొట్టు అప్పయ్యమ్మ మొదట్లో సంబరపడింది. "ఓలమ్మా, నా కొట్టు ముందు ఇంత సుబ్రం ఎప్పుడూ సూళ్ళేదు," అనేది. తరవాత విసుక్కుంది. "ఒరే బావూ, నీ ప్రాన్సు మీద సూసుకోకండా కాలేసీసినాను. మల్లీ ఎయ్యి. అయినా దేశాలకి దేశాలు దారికి అడ్డంగా ఎడితే జనం ఎలాగ నడుత్తారు?"

అమ్మకు ఫోనులో చెబితే నవ్వింది. "ఇంటికాడ లెగిసి ముగ్గెయ్యే గుంటా అంటే దుప్పటి ముసుగెట్టీదానివి. ముగ్గులెయ్యడానికా పట్నం ఎల్నావు?"

"ఉద్యోగం వస్తుందటమ్మా దీనితో."

"అలాగైతే మన ఊరు గుంటలందరూ కలకటేర్లు అయిపోవాలి," అంది అమ్మ.

ఈ సంగతి కమిషన్ చెవిన పడింది. దృశ్య ప్రమాణాల ఉపసంఘం వారు నన్ను నిపుణురాలిగా పిలిపించారు. నిపుణురాలు అన్న మాట కాగితం మీద చూసుకుని చాలాసేపు ఆనందించాను. అభ్యర్థినే నిపుణురాలిగా పిలవొచ్చా అని కరుణ అడిగితే, అసూయ అనుకున్నాను. అంత నిపుణురాలిని.

ఉపసంఘంలో ముగ్గురున్నారు. అధ్యక్షులు విశ్రాంత అధికారి, మాట్లాడితే జీవో చదివినట్టుంటుంది. ఒక గణితాచార్యులు. మూడో ఆయన ఎవరో చివరి వరకూ తెలియలేదు, నిద్రపోతున్నారు. సమావేశ మందిరంలో తివాచీ ఎత్తించి నా చేత ముగ్గు వేయించారు. వంగుని చూశారు. చుట్టూ తిరిగి చూశారు.

"ఈ నడిమి బిందువును గూర్చి వివరింపుడు," అన్నారు అధ్యక్షులు.

"అది స్విట్జర్లాండ్ అండి. కానీ..."

"గీత వెలుపల ఏ బిందువైననూ మిగిలిపోవచ్చునా?"

"ముగ్గులో అయితే మిగలకూడదండి. కానీ..."

"వ్రాసుకొనుడు," అన్నారు ఆయన గుమాస్తాతో. "తటస్థత అనునది బిందువునకు తగదు."

ఆ 'కానీ' తరవాత ఏం చెప్పాలో నాకు పూర్తిగా తెలుసు. నోరు కూడా తెరిచాను. ఇంతలో టీ ఇచ్చారు. తాగాను. బిస్కట్లు కూడా బాగున్నాయి.

మార్గదర్శకాలు వచ్చాయి. ఏ దేశాన్నీ గీత బయట వదలరాదు. ఎడమ ఎంతో కుడి అంత ఉండాలి. దేశాలు చాలకపోతే సమీప దేశాలను చేర్చుకోవచ్చు. గీత ఎత్తరాదు, మొదలైన చోటే ముగియాలి.

ఆ ఆఖరి నియమంతో రష్యా విప్లవానికి చిక్కొచ్చింది. జార్ చక్రవర్తి దగ్గర మొదలైంది కాబట్టి జార్ దగ్గరే ముగియాలని త్రినాథరావు సార్ తేల్చారు.

"జార్‌ను చంపేశారు కదా సార్," అంది కరుణ.

"గీత ఎత్తకూడదమ్మా."

"మరి వియన్నా కాంగ్రెస్‌లో పెద్ద దేశాలు ఐదే కదా. ఏడు చుక్కలకి ఇంకెవర్ని పిలుద్దాం సార్? అనకాపల్లి బెల్లం మార్కెట్టు వాళ్ళని పిలుద్దామా?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ సార్ నా వైపు చూడగానే ఆపేశాను. అప్పటికి నేను జూనియర్లకు మెలిక క్లాసులు చెబుతున్నాను.

గైడ్లు దిగాయి. స్విట్జర్లాండ్ యుద్ధంలో ఎందుకు చేరిందో పాయింట్ల వారీగా ఇచ్చారు. గడియారాలు చేసే దేశం కాబట్టి దాడి వేళలు అదే నిర్ణయించేదని ఒక గైడు. మంచు కొండల దేశం కాబట్టి స్వభావరీత్యా కఠినమైనదని ఇంకొకటి. ఒక గైడులో ఆ దేశపు నౌకాదళం ఓటమికి కారణాలు కూడా ఉన్నాయి. కరుణ ఆ పేజీ చదివి పుస్తకం మూసి, సముద్రం లేని దేశానికి నౌకాదళం పెట్టిన వాడిని ఒక్కసారి చూడాలని ఉందంది. గైడు అట్ట లోపల 'సలహా సంపాదకురాలు' అని నా పేరుంది. అది చూపించలేదు.

పరీక్ష వచ్చింది. తప్పనిసరి ప్రశ్న ఇది: మొదటి ప్రపంచ యుద్ధంలో స్విట్జర్లాండ్ నిర్వహించిన కేంద్ర పాత్రను విమర్శనాత్మకంగా పరిశీలించండి.

ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇన్నాళ్ళూ అది నా కాగితం మీది చుక్క. ఇప్పుడు ముద్రలు వేసిన సీల్డు కవరులోంచి ప్రభుత్వం వారి ప్రశ్నగా బయటికొచ్చి నన్నే అడుగుతోంది. కరుణ నా ముందు బల్ల. ప్రశ్న చదివి, కాసేపు కిటికీలోంచి చూసి, రాయడం మొదలుపెట్టింది. బొమ్మ గియ్యడం లేదని వెనక నుంచే తెలుస్తోంది. చెయ్యి తిన్నగా వరసలు వరసలుగా పోతోంది.

నేనూ ధైర్యం చేశాను. అయితే నా ధైర్యం ఎలాంటిదంటే, ముందు పేజీ నిండా ముగ్గు వేసి, ఎడమ ఎంతో కుడి అంత సరిచూసుకుని, అప్పుడు దాని కింద చిన్న అక్షరాలతో నిజం రాశాను. స్విట్జర్లాండ్ యుద్ధంలో పాల్గొనలేదు, పై బొమ్మలో అది ఉండటం పొరపాటు, ప్రశ్న కూడా పొరపాటే అని. నిజం మొత్తం రాశాను. ఎవరికైనా కనపడాలంటే కాగితం కళ్ళ దగ్గర పెట్టుకోవాలి.

ఎవరూ పెట్టుకోలేదు. ప్రపంచ చరిత్రలో నాకు అత్యధిక మార్కులు వచ్చాయి. జాబితాలో నా పేరుంది. కరుణ జవాబు మీద 'దృశ్యము లేదు' అని ముద్ర పడింది. ఆ ఒక్క పేపరుతో పోయింది.

కరుణ ఏడవలేదు. ఆక్షేపణ పెట్టింది. ప్రశ్నే తప్పు, అందరి పేపర్లూ చదివి మళ్ళీ దిద్దాలి అని. కమిషన్ విచారణ పెట్టి, ఆ చుక్క విషయం తెలిసిన నిపుణురాలిగా నన్నే సాక్షిగా పిలిచింది.

హాలు బయట కమిషన్ కార్యదర్శి నన్ను పక్కకు పిలిచారు. "చూడమ్మా, మీ నియామక ఉత్తర్వు టైపయింది, సంతకం ఒక్కటే తరువాయి. ఆక్షేపణ నిలిచిందంటే జాబితా రద్దవుతుంది. మళ్ళీ దిద్దితే ఎవరు ఉంటారో ఎవరు ఊడతారో మేము చెప్పలేము. మీరు విజ్ఞులు."

నేను విజ్ఞురాలిని కానని ఆయనకు తెలియదు. బెంచీ మీద కరుణ కూర్చుని ఉంది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఏం చెప్తావే?" అంది.

"తెలీదు."

"నీకు ఉద్యోగం కావాలి కదా. నాకు తెలుసులే. అమ్మ చేతులు చెప్పావు." సంచి ఒళ్ళోకి తీసుకుని, "ఏం చెప్పినా రాత్రికి వంట నీదే. నిన్న నేను చేశాను," అంది.

తిట్టినా బాగుండేది.

ఇద్దరినీ లోపలికి పిలిచారు. అదే అధ్యక్షులు, అదే గణితాచార్యులు. మూడో ఆయన ఈసారి మెలకువగా ఉన్నారు, కానీ వేరే ఫైలు చూస్తున్నారు.

"సాక్షి తెలుపవలసినది తెలుపవచ్చును."

నిలబడి చెప్పేశాను. "స్విట్జర్లాండ్ ఆ యుద్ధంలో లేదండి. ఆ చుక్క నేను పెట్టిందండి."

గణితాచార్యులు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఎందుకు పెట్టారు?"

"నడిమి చుక్క లేకపోతే ముగ్గు తిరగదండి."

"అనగా ఆవశ్యకత కలదు," అన్నారు అధ్యక్షులు.

"ముగ్గుకు ఉందండి. యుద్ధానికి లేదు. నా జవాబులో కూడా బొమ్మ కింద అదే రాశానండి. తీసి చదవండి."

నా జవాబు పత్రం తెప్పించారు. ముగ్గురి చేతులూ మారింది. ఉద్యోగం పోతోందని ఎంత భయం వేసిందో, పోతే పోనీ అని అంత తేలికగానూ అనిపించింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నన్ను చూసి నాకు ముచ్చటేసింది.

"ఎంతటి చక్కని గీత!" అన్నారు అధ్యక్షులు.

"కింద చూడండి," అంది కరుణ.

"క్రింద ఉన్నది దృశ్యము కాదు."

కార్యదర్శి లేచి కాగితం చదివారు. "యుద్ధము నుండి ఏ దేశమునైననూ తొలగించవలెనన్నచో బాధిత పక్షమైన ఆ దేశమే నిర్ణీత గడువులోగా ఆక్షేపణ దాఖలు చేయవలసియుండెను. గడువు ముగిసినది. స్విట్జర్లాండు నుండి ఇంతవరకు ఎట్టి దరఖాస్తూ అందియుండలేదు."

"మౌనము అంగీకారము," అన్నారు అధ్యక్షులు. ఆక్షేపణ కొట్టేశారు. సాక్షిగా నేను చూపిన నిష్పక్షపాత వైఖరిని అభినందిస్తున్నట్టు రికార్డులో రాసుకుని, నా నియామక ఉత్తర్వు మీద అక్కడే సంతకం పెట్టి చేతికిచ్చారు.

నేను దాన్ని చించి అక్కడే పారేసి ఉంటానని మీరు అనుకుంటే, నన్ను బొత్తిగా అర్థం చేసుకోలేదన్నమాట. మడత నలగకుండా సంచిలో పెట్టుకున్నాను. త్యాగం చెయ్యడానికి వెళ్ళినదాన్ని, త్యాగం వాళ్ళు పుచ్చుకోకపోతే నన్నేం చెయ్యమంటారు? ఆ రాత్రి వంట నేనే చేశాను. పప్పులో ఉప్పు వెయ్యడం మరిచిపోతే కరుణ అలాగే కలుపుకుని తింది.

ఉద్యోగంలో చేరాను. చిన్న పట్నంలో మునిసిపాలిటీలో నాది పెద్ద కుర్చీ. అమ్మను తెచ్చుకున్నాను. చేతులకు డాక్టరిచ్చిన మందు రాస్తున్నాను, కొద్దిగా తోలు వస్తోంది. ప్రభుత్వ క్వార్టర్‌కు విశాలమైన వాకిలి ఉంది.

మొన్న ఆదివారం పొద్దున్నే కరుణ వచ్చింది. మళ్ళీ రాస్తోందట. వయసు ప్రకారం ఇదే ఆఖరిసారి.

"ముగ్గు నేర్పవే," అంది చెప్పులు విప్పుతూనే.

"ఎల్లకాలం ఏడుత్తూ కూకుంటాదేటి, నేర్పు," అంది అమ్మ లోపలి నుంచి. కరుణ ఏడవడం లేదు. అమ్మకు అంతకంటే దగ్గరి మాట దొరకలేదు.

చుక్కలు పెట్టి చూపించాను. రెండు, మూడు, రెండు. పిండి చిటికెతో ఎలా వదలాలో, వేళ్ళు ఎక్కడ బిగించాలో చెప్పాను. ఇంగ్లండ్‌ను పనసకాయలా గీసిన చెయ్యి అదేనా అనిపించింది. జర్మనీ తిరిగింది, ఆస్ట్రియా తిరిగింది, రష్యా మీదుగా వంపు తీసుకుని ఫ్రాన్సు దాటి వచ్చింది. నడిమి చుక్క దగ్గర ఆగిపోయింది.

"ఇది కూడా చుడితే పాసవుతానా?" అంది తల ఎత్తకుండా.

"అవుతావు."

"నువ్వు చుట్టావుగా. రాత్రి నిద్ర పడుతోందా నీకు?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "బాగానే పడుతోంది," అన్నాను.

"అదేనే నా భయం," అంది కరుణ.

చిటికెలో పిండి సరిచేసుకుని, ఊపిరి బిగబట్టి, ఆ చుక్కను చుట్టేసింది. నాకంటే బాగా వచ్చింది. ఎక్కడా ఒక్క వంకర లేదు.